గోల్‌కు వీపు పెట్టిన ఆట

తొమ్మిదో నంబరు జెర్సీని అనుదీప్ ఇస్త్రీ చేయించి తెచ్చాడు. ఆరు సీజన్లు చెమటలో నాని, అశోక్‌నగర్ హాస్టల్ బకెట్లో ఉతుకులు పడి, ఎరుపు కాస్తా ఇటుక రంగుకు దిగిపోయిన జెర్సీ అది. దాని మీద ఇస్త్రీ మడత చూడటం జగన్మోహన్‌కు అదే మొదటిసారి. ఆడుకునే బట్టకు ఎవరూ ఇస్త్రీ చేయించరు. తిరిగి ఇచ్చేసే బట్టకే చేయిస్తారు.

జగన్మోహన్ అప్పుడు వరండాలో కూర్చుని బంతులకు గాలి కొడుతున్నాడు. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉంటున్న రెండు గదుల పోర్షన్ అది. కరెంటాఫీసు నుంచి ఎప్పుడో రిటైరైనా, పొద్దున్నే బంతులకు గాలి కొట్టే పని నుంచి మాత్రం ఆయన రిటైర్ కాలేదు. నారాయణగూడ బ్రదర్స్ అనే పాత ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్. జీతం లేదు, మాట పడటం మాత్రం దండిగా ఉంది.

"ఏందది?" అన్నాడు పంపు ఆపకుండానే.

"జెర్సీ సార్. సెక్రటరీ సార్ ఫోన్ చేసిండు. కొత్త ఫార్వర్డ్ వస్తుండట గద. తొమ్మిది నంబర్ ఆయనకియ్యాలన్నడు."

పంపు ఆగింది. సగం నిండిన బంతి ఆయన మోకాళ్ల మధ్య మెత్తగా కూర్చుంది.

"నాకు చెప్పకుండనా?"

"మీకు తెల్సనుకున్న సార్."

తెలియదు. కొత్తవాణ్ని తెచ్చే ఆలోచన ఉందని సెక్రటరీ రమాకాంత్ పోయిన వారం అన్నాడు గానీ, పాతవాణ్ని తీసే మాట అనలేదు. తనను పక్కన పెట్టి తన ఆటగాడి ఒంటి మీది బట్ట విప్పించారన్న మాట. జగన్మోహన్‌కు ఒళ్లు మండింది.

"ఆదివారం మ్యాచ్‌కు వస్త సార్," అన్నాడు అనుదీప్. "బయట కూసుంట. మ్యాచ్ అయినంక ఊరికి పోత. హాస్టల్ ఖాళీ చేస్తున్న."

"పరీక్షలు?"

"రాసినయి రాసిన. మా మండలం స్కూల్ల ఆటలు నేర్పేటోడు కావాలంటున్నరు. జూన్ల చేరమన్నరు."

జనగామ దిక్కు కుర్రాడు. గ్రూప్స్ పరీక్షల కోసం వచ్చి, సాయంత్రాలు పుస్తకాలు మూసి గ్రౌండ్ చుట్టూ తిరుగుతుంటే జగన్మోహనే పిలిచి బంతి ఇచ్చాడు. అంటే ఆదివారం ఆట వాడికి ఆఖరిది. క్లబ్బుకూ అది ఒక విధంగా ఆఖరిదే. లీగ్‌లో వరసగా నాలుగు ఓడారు. ఆదివారం గెలవకపోతే పై మెట్టయిన ‘ఎ’ డివిజన్ నుంచి ‘బి’ డివిజన్‌కు జారిపోతారు. బ్రదర్స్ క్లబ్బు పుట్టాక ఆ మెట్టు ఎన్నడూ దిగలేదు.

"జెర్సీ తీస్కపో. ఎవరు ఆడాల్నో నేను చెప్త," అన్నాడు జగన్మోహన్.

లోపలి నుంచి కమల టీ తెచ్చింది. "తాగి పో బిడ్డా, ముఖం ఏంది గట్ల పీక్కపోయింది," అంది. అనుదీప్ నిలబడే తాగాడు, గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించాడు, వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. వాడు దేనికీ ఎదురు చెప్పడు. చెప్పకుండానే తన పని తాను చేసుకుపోతాడు. ఆ తర్వాత చూస్తే జెర్సీని వరండాలో కుర్చీ మీదే వదిలిపోయాడు.

సాయంత్రం నారాయణగూడ గ్రౌండ్‌కు రమాకాంత్ కొత్తవాణ్ని కారులో తీసుకొచ్చాడు. కాచిగూడలో టైల్స్ దుకాణం ఉన్న మనిషి. సెక్రటరీ అయి ఏడాదే అయింది. క్లబ్బు మీద ప్రేమ లేదనలేం, కాకపోతే ఆయనకు ఆట కంటే స్కోరు ముందు కనబడుతుంది.

కొత్తవాడి పేరు సాయిచైతన్య. గోదావరిఖని పిల్లవాడు, బయటి లీగుల్లో ఆడి పేరు తెచ్చుకున్నాడు. తలుపు చట్రంలో తల వంచి నడిచే ఎత్తు, ఆ ఎత్తుకు తగ్గ భుజాలు. గ్రౌండ్ అంచున చెప్పులు విడిచి, మట్టిని తాకి కళ్లకద్దుకుని లోపలికొచ్చాడు. అది చూసి మనసు మెత్తబడబోతుంటే జగన్మోహన్ గట్టిగా బిగబట్టుకున్నాడు.

"తొమ్మిది నంబర్ నువ్వే అడిగినవా?" అన్నాడు మొదటి మాటగా.

"లేదు సార్. నాకే నంబరైన ఒకటే. ఎందుకు?"

రమాకాంత్‌కు అప్పుడే ఫోన్‌లో ఏదో ముఖ్యమైనది కనబడింది. కాసేపు దాన్ని చూసి తలెత్తి, "కోచ్ సాబ్, జర సమజ్ చేస్కోండి," అన్నాడు. "ముందు ఆడేటోడు గోల్ కొట్టకపోతే వాన్ని ముందు పెట్టుడు ఎందుకు? ఆరేండ్లల్ల అనుదీప్ కొట్టినయి లెక్కపెట్టాల్నంటే ఒక చెయ్యి చాలు."

"వాడు కొట్టడు. కొట్టిపిస్తడు."

"పోయిన నాలుగు మ్యాచ్‌లల్ల ఎవరితోని కొట్టిపిచ్చిండు?"

 జవాబు లేనప్పుడు మనిషికి కోపం రెట్టింపవుతుంది.

ఆ క్లబ్బు ఆడే ఆట సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. యాభై ఏళ్ల కిందట ఇదే గ్రౌండ్‌లో సుభాన్ మాస్టర్ అనే ఆయన నేర్పిన ఆట అది. బంతి నేల విడవకూడదు. పాసు చిన్నదిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అందరికంటే ముందుండే సెంటర్ ఫార్వర్డ్ గోల్ వైపు పోకూడదు. గోల్‌కు వీపు పెట్టి తనవాళ్ల దిక్కే వెనక్కి రావాలి. అతన్ని కాపలా కాసే అవతలి స్టాపర్ ఆవు వెంట దూడలా వెంటబడి వస్తాడు. వాడు వదిలి వచ్చిన చోటు ఖాళీ. ఫార్వర్డ్ బంతిని ఒక్క తాకుతో పక్కకు తోస్తే, కుడి ఎడమ అంచుల నుంచి ఉరికొచ్చే వింగ్ ఆటగాళ్లు ఆ ఖాళీలోకి దూరి గోల్ కొడతారు. ఫార్వర్డ్ మాత్రం తిరగకూడదు. తిరిగితే బంతి పోతుంది, వరస చెడుతుంది. అతను తోడుపెళ్లికొడుకు లాంటివాడు. ఊరేగింపులో పక్కనే కూర్చుంటాడు, తాళి కట్టేది వేరొకడు.

ఆ రోజుల్లో ఆ ఫార్వర్డ్ పేరు పెద్దులు. ఎడమ వింగ్ నుంచి ఉరికేవాడి పేరు జగన్మోహన్.

పెద్దులు ఇప్పుడూ కాచిగూడ నుంచి ఆటోలో వచ్చి, గోడ పక్క సిమెంటు బెంచీ మీద కర్ర ఒళ్లో పెట్టుకుని సాయంత్రాలు ప్రాక్టీసు చూస్తాడు. కుడి మోకాలు ఏనాడో మొరాయించింది. అతను బెంచీ మీద ఉంటే జగన్మోహన్‌కు గ్రౌండ్ నిండుగా కనబడుతుంది. ముప్పయ్యేళ్లుగా క్లబ్బుకు ఎందరు ఫార్వర్డ్‌లను తెచ్చినా ఆయన వాళ్లందరిలో వెతికింది పెద్దులునే. చివరికి అనుదీప్ దొరికాడు. అదే వెనక్కి రాక, అదే ఒక్క తాకు, వంచిన అదే మెడ. సాయంత్రపు ఎండ వాలుగా పడినప్పుడు వాడు బంతి అందుకుంటుంటే, జగన్మోహన్ ఎడమ కాలు తనంతట తానే ఒక అడుగు ముందుకు పడేది.

ఆ పాత ఆటలో ఈ తాటిచెట్టును ఎక్కడ నాటాలి?

"సరే," అన్నాడు రమాకాంత్‌తో. "మా క్లబ్బుల ఒక పద్ధతి ఉన్నది. కొత్త ఫార్వర్డ్ ఎవరొచ్చినా మొదటి మూడు సాయంత్రాలు స్టాపర్‌గ ఆడాలె. పాత ఫార్వర్డ్‌ను కాపలా కాయాలె. ముందు ఆడేటోడు ఒకసారి వెనక నుంచి ఆట చూడాలన్నడు మా మాస్టర్."

ఆ పద్ధతి నిజమే. దాన్ని ఆ పూట బయటికి తీసింది మాత్రం మంచి మనసుతో కాదు. గోల్స్ కొట్టి అలవాటైన పొగరు, మూడు రోజులు వెనక నిలబెడితే వాడే విసిగి వెళ్లిపోతాడు, పీడా పోతుంది అనుకున్నాడు.

"గంతేనా సార్," అని సాయిచైతన్య బూట్ల తాళ్లు బిగించుకుని, వెళ్లి, ఎప్పటిలాగే ప్రాక్టీసుకు వచ్చిన అనుదీప్ వీపు వెనక నిలబడ్డాడు. ఆటకు ముందు చేయి చాపాడు. "అన్నా, సాయిచైతన్య." అనుదీప్ ఆ చేయిని పట్టుకున్నాడు. పాతకూ కొత్తకూ మధ్య పిల్లలకు లేని పేచీ పెద్దవాళ్లకు ఎందుకో.

మర్నాడు మధ్యాహ్నం కమల చాపేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎండాకాలం పని. కొత్త చింతపండును చిన్న కత్తితో చీల్చి, గింజ తీసి పక్కన పడేస్తుంది. భోజనం చేసి లేచిన జగన్మోహన్ ఆ కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి చాప చివర పేర్చాడు. పదకొండు ఇటు, పదకొండు అటు. బంతికి ఒక కందిగింజ.

"మళ్ల మొదలైందా," అంది కమల. "నలభై ఏండ్ల సంది చూస్తున్న, మీ గింజలు ఒక్కసారన్న ఓడిపోవు."

మాట నిజం. చాప మీద సుభాన్ మాస్టర్ ఆట ఎన్నడూ ఓడలేదు. ముందున్న గింజను వెనక్కి జరిపితే అవతలి స్టాపర్ గింజను కూడా జగన్మోహన్ వేలే దాని వెంట జరుపుతుంది. ఖాళీ ఏర్పడుతుంది, ఎడమ గింజ దూసుకుపోతుంది, గోల్.

ఈసారి కుప్పలో వెతికి పొడవాటి గింజ ఒకటి తీసి, సాయిచైతన్య అనుకుని అనుదీప్ జాగాలో పెట్టాడు. అది వెనక్కి రాదు. అంత ఎత్తువాడికి ఆ వంగడం, ఆ ఒక్క తాకు రావు. ముందే ఉంటాడు. ముందే ఉంటే స్టాపర్ కదలడు, ఖాళీ రాదు. పక్కకు జరిపితే వింగ్‌కు అడ్డం. ఎక్కడ పెట్టినా ఆట ఆగిపోతోంది. అది చూసి జగన్మోహన్‌కు బాధ కలగలేదు, పైగా ఒకలాంటి తృప్తి కలిగింది.

"ఈ పోరడు మన ఆటకు పనికిరాడు," అన్నాడు.

"మీ ఆట పోరనికి పనికొస్తదా అని ఎప్పుడన్న చూసిండ్రా," అంది కమల తలెత్తకుండా. ఆమెకు ఫుట్‌బాల్ ఒక్క ముక్క తెలియదు. చింతపండు పీచు తీస్తూ ఏదో ఒకటి అనడం ఆమె అలవాటు. జగన్మోహన్ పట్టించుకోలేదు.

శుక్రవారం మూడో సాయంత్రం. అవతల మెట్రో స్టేషన్‌లోకి రైలు వచ్చినప్పుడల్లా వంతెన గుర్రుమంటోంది. ఒకప్పుడు ఈ గ్రౌండ్ నుంచి చూస్తే ఆకాశం చిక్కడపల్లి దాకా కనిపించేది. సుభాన్ మాస్టర్ విజిల్ ఊదితే బడి వదిలిన పిల్లలు గోడెక్కి కూర్చునేవాళ్లు. గోల్ కొట్టిన జగన్మోహన్ పరిగెత్తుకొచ్చి, బంతి ఇచ్చిన పెద్దులును నడుము పట్టి ఎత్తి తిప్పేవాడు. గోడ మీది పిల్లలు మాత్రం జగన్మోహన్ పేరే అరిచేవాళ్లు. ఆ అరుపు ఇప్పటికీ ఒక్కోసారి చెవిలో మోగుతుంది. ఎంత మంచి రోజులు, ఎంత చక్కటి ఆట అనుకుంటూ ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

అనుదీప్ ఎప్పటిలాగే గోల్‌కు వీపు పెట్టి వెనక్కి వచ్చాడు. బంతి వచ్చింది. దారిలో ఒక గడ్డపెళ్ల తగిలి అది ఎగిరి పడింది. ఒక్క తాకుతో తోయడానికి వీల్లేకపోయింది. ఎడమ మడమతో దాన్ని లాగి, ఆ ఊపులో వాడి ఒళ్లంతా గిర్రున తిరిగింది. వెనక ఉన్న సాయిచైతన్య అటా ఇటా అని తూగి చతికిలబడ్డాడు. అనుదీప్ రెండు అడుగులు వేసి కొట్టాడు. బంతి గోల్ మూలకు పోయి వలను వెనక్కి లాగింది.

 బెంచీ మీద పెద్దులు కర్ర ఊతంతో సగం లేచాడు.

జగన్మోహన్ విజిల్ ఊదాడు. "తిరగొద్దని చెప్పిన్నా లేదా?"

"సారీ సార్. బంతి ఎగిరింది."

"ఎగిరితే విడిచిపెట్టు. వరస చెడొద్దు."

"సరే సార్." వాడు వెళ్లి బంతి తెచ్చి, మళ్లీ గోల్‌కు వీపు పెట్టి నిలబడ్డాడు. పెద్దులు మెల్లగా కూర్చున్నాడు.

ప్రాక్టీసు అయ్యాక, కుర్రాళ్లు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, సాయిచైతన్య దగ్గరికొచ్చాడు. లాగు వెనక ఇంకా మట్టి ఉంది.

"సార్, ఒక మాట చెప్త. తప్పైతే తిట్టున్రి."

విసిగి వెళ్లిపోతానంటాడేమో అనుకుని జగన్మోహన్ సంతోషంగానే, "చెప్పు," అన్నాడు.

"మూడు దినాలు అన్నకు కాపలా కాసిన గద. అన్న వెనక్కి వచ్చినప్పుడు నాకేం భయం కాలే సార్. మొదటి దినం ఎంటబడ్డ. నిన్నటి సంది ఎంటబడుడు బంద్ చేసి, ఉన్న జాగలనే నిలబడ్డ. ఇగ ఖాళీ ఎక్కడిది? ఇప్పుడు ఏ టీమ్ల చూసినా స్టాపర్‌కు గదే నేర్పుతున్నరు. వెనక్కి పోయేటోని ఎంట పోవద్దని."

 నాలుగు మ్యాచ్‌ల ఓటమి ఒక్కసారిగా జగన్మోహన్ కళ్ల ముందుకొచ్చింది. అనుదీప్ వెనక్కి రావడం, అవతలి స్టాపర్లు నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నచోటే ఉండటం. అప్పుడాయన స్టాపర్లకు ఆట రాదని తిట్టుకున్నాడు.

"కని ఇందాక అన్న తిరిగిండు చూడున్రి," అన్నాడు సాయిచైతన్య. "గప్పుడు నిజంగ భయమైంది. ఎటు పోతడో తెల్వలే. గంత మంచిగ తిరిగేటోన్ని తిరగొద్దని ఎందుకంటున్నరు సార్?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలియక అడిగాడు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. జగన్మోహన్ బంతులు వలసంచిలో వేసుకుని ఇంటికి నడిచాడు. వైఎంసీఏ చౌరస్తా దాటింది, మార్కెట్ మలుపు తిరిగింది కూడా ఆయనకు తెలియలేదు.

ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా చాప మీద గింజలు పరిచాడు. ఈసారి అవతలి స్టాపర్ల మీద వేలు పెట్టలేదు. వాటిని ఉన్నచోట ఉండనిచ్చాడు. అనుదీప్ గింజ వెనక్కి వచ్చింది, స్టాపర్లు రాలేదు, ఎడమ గింజ వెళ్లి గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయింది. మళ్లీ ఆడాడు. మళ్లీ ఆగింది. చాప మీద సుభాన్ మాస్టర్ ఆట ఓడిపోవడం ఆయన జీవితంలో అదే మొదలు. పొడవాటి గింజను తీసి అందరికంటే ముందు, స్టాపర్ల మధ్య పెట్టాడు. దాన్ని విడిచిపెట్టే ధైర్యం వాళ్లకు ఉండదు. ఇద్దరూ దానికే అతుక్కోవాలి. అనుదీప్ గింజను దాని వెనక కొంచెం దూరంలో, ముఖం గోల్ వైపు తిప్పి పెట్టాడు. చింతగింజకు ముఖమేమిటని నవ్వకండి, ఆ పూట ఆయనకు కనిపించింది. దాని ముందు ఉన్నదంతా ఖాళీ.

ఆట ఆగింది కొత్తవాడు ఇమడక కాదు, ఇద్దరికీ చోటు ఉంది. ఆరేళ్లుగా అనుదీప్ ముఖాన్ని గోల్ నుంచి తిప్పి పెట్టింది రమాకాంత్ కాదు, తనే. జగన్మోహన్ ఆ గింజల ముందే కూర్చుండిపోయాడు. అన్నం వడ్డించానని కమల రెండుసార్లు పిలిచి, వచ్చి చూసి, కంచం మీద మూత పెట్టింది.

శనివారం పొద్దున ఆయన జెర్సీ సంచిలో పెట్టుకుని అనుదీప్ చదువుకునే లైబ్రరీకి నడిచాడు. ఆవరణ నిండా పరీక్షల పిల్లలు. గోడ వారన, మెట్ల మీద, బండ్ల సీట్ల మీద, నీడ ఎంత ఉంటే అంత మేర పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. అనుదీప్ తన పుస్తకాలను తాడుతో కట్టి, తమ్ముడి వరసయ్యే వాడెవడికో అప్పగిస్తున్నాడు. కోచ్‌ను చూసి గబగబా లేచి వచ్చాడు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు," అన్నాడు జగన్మోహన్. "నీకెప్పుడన్న తిరగాలనిపిచ్చిందా?"

అనుదీప్ నేల చూశాడు. "అనిపిస్తది సార్."

"ఎప్పుడు?"

"అన్ని మ్యాచ్‌లల్ల."

"మరెందుకు తిరగలే?"

"మీరు వద్దన్నరు గద సార్." తలెత్తకుండానే, "పెద్దులు సార్ గట్లనే ఆడిండని చెప్తుంటిరి. గంత మంచిగ ఆడాలనుకున్న," అన్నాడు.

జగన్మోహన్ సంచిలోంచి జెర్సీ తీసి వాడి చేతిలో పెట్టాడు. ఇస్త్రీ మడత అప్పటికే నలిగింది. "రేపు ఆడుతున్నవ్. చైతన్య ముందుంటడు. నువ్వు వాని ఎనక. గోల్‌కు ముఖం పెట్టి ఆడాలె. తిరుగు. బంతి పోతే పోనియ్, నేనేమన."

వాడు జెర్సీని చేతిలో పట్టుకుని ఆయన ముఖంలోకి చూశాడు. ఆరేళ్లలో వాడు ఆయన వైపు అంతసేపు చూడటం అదే మొదటిసారి.

ఇద్దరూ ఆడతారని ఫోన్‌లో చెబితే రమాకాంత్ పొంగిపోయి, "ఇప్పుడు దారికొచ్చిండ్రు కోచ్ సాబ్," అన్నాడు. ఎవరు ఏ దారికి వచ్చారో విడమర్చి చెప్పే ఓపిక జగన్మోహన్‌కు లేకపోయింది.

ఆదివారం నాలుగింటికి ఎండ ఇంకా చురుకుగానే ఉంది. అవతల ఒక ఆఫీసు జట్టు, పట్టికలో రెండోది. గోడ పక్క పెద్దులు, అతని పక్కన జగన్మోహన్, ఆ పక్క రమాకాంత్.

మొదటి సగంలో చింతగింజలు చెప్పినట్టే జరిగింది. సాయిచైతన్య ముందు నిలబడితే ఇద్దరు స్టాపర్లూ అతన్ని వదల్లేదు. వెనక అనుదీప్‌కు బంతి వచ్చింది, ముందంతా ఖాళీ. వాడు ఒక్క తాకుతో పక్కకు తోసేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ తోసేశాడు. మూడోసారి వాడి భుజం తిరగబోయి ఆగింది. ఆరేళ్లు నేర్పిన పాఠం ఒక్క మాటతో పోతుందా? ఆ ఆగిపోయిన భుజాన్ని చూస్తుంటే, దాన్ని పట్టుకున్నది తన చేయేనని జగన్మోహన్‌కు అనిపించింది. ఈలోగా అవతలివాళ్లు కార్నర్ నుంచి ఒక గోల్ కొట్టారు.

రెండో సగం నడుస్తోంది. జగన్మోహన్ ఆట మధ్యలో అరిచే కోచ్ కాదు. సుభాన్ మాస్టర్ అరిచేవాడు కాదు, అందుకని తనూ అరవడు. అయినా గ్రౌండ్ మధ్యలో బంతి మళ్లీ అనుదీప్ దగ్గరికి వస్తుంటే ఆయన గీత దాకా వెళ్లి, గొంతు చించుకుని, "తిరుగు," అన్నాడు.

అనుదీప్ తిరిగాడు. ఎడమ మడమతో లాగి, శుక్రవారం తిరిగినట్టే. ఎదుటివాడొకడు కాలు చాచి తప్పిపోయాడు. సాయిచైతన్య స్టాపర్లిద్దరినీ కుడి పక్కకు ఈడ్చుకుపోయాడు. అనుదీప్ ముందుకు పోయి, మరీ గట్టిగా కాకుండా, గోల్‌కీపర్ అటు వంగాక ఇటు తోశాడు. వల కదిలింది. వాడికి ఏం చేయాలో తోచక గోల్ ముందే నిలబడిపోతే, సాయిచైతన్య వచ్చి వాణ్ని అమాంతం భుజాన ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత ఇంకోసారి తిరిగి కొట్టాడు, స్తంభానికి తగిలింది. మరోసారి గోల్‌కీపర్ పట్టుకున్నాడు. ఒకటికి ఒకటితోనే విజిల్ మోగింది. డ్రా. గెలవలేదు గనుక బ్రదర్స్ క్లబ్బు బి డివిజన్‌కు దిగింది.

రమాకాంత్ నుదురు పట్టుకుని, "గిదే ఆట సీజన్ మొదలు సంది ఆడుంటే," అన్నాడు.

"తప్పు నాదే," అన్నాడు జగన్మోహన్. దెప్పడానికి నోరు తెరిచిన రమాకాంత్ ఆ మాట విని మూసేశాడు. కాసేపటికి వెళ్లి పిల్లలకు నీళ్ల సీసాలు పంచాడు.

అనుదీప్ వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఒళ్లంతా చెమట, ఇటుక రంగు జెర్సీ తడిసి మళ్లీ ఎర్రబడింది. "పోతున్న సార్," అన్నాడు. ఓడిన జట్టువాడి ముఖం కాదది. జెర్సీ విప్పబోతుంటే జగన్మోహన్ ఆపి, "ఉండనీ. మీ స్కూల్ల ఏసుకో," అన్నాడు. వాడు సాయిచైతన్య బండెక్కి, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

గ్రౌండ్ ఖాళీ అయింది. నీడలు గోల్ దాకా సాగాయి. బెంచీ మీద ఇద్దరే మిగిలారు.

"పెద్దులూ," అన్నాడు జగన్మోహన్. ఎన్నో ఏళ్ల స్నేహంలో అడగాలని ఎన్నడూ తోచని ప్రశ్న అది. "నీకు గిట్ల తిరగాలని ఉంటుండెనా?"

పెద్దులు కర్ర కొనతో మట్టిలో గీత గీశాడు. "ఉండకుంటనా? నా ఎనక గోల్ ఉన్నదని నాకు తెల్వదా?"

"మరి ఒక్కనాడు చెప్పలే."

"మాస్టర్ వద్దన్నడు. గదొక్కటే కాదు తియ్." అతను కాసేపు నవ్వాడు. "తిరుగుదామని అనుకునే లోపట ఎడమ దిక్కు నుంచి నువ్వు ఉరుకుడు కనబడుతుండె. నీకిస్తే గోల్ అయితుండె. గోల్ అయినంక వచ్చి నన్ను ఎత్తుకుంటుంటివి. ఎవరన్న నన్ను గట్ల ఎత్తుకున్నది గప్పుడే. గందుకే ఇస్తుంటి."

జగన్మోహన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ఇన్నేళ్లూ ఎంత చక్కటి ఆట అనుకున్నాడు. గోడ మీది పిల్లలు అరిచిన పేరు తనది కాబట్టి అది తనకు అంత చక్కగా కనిపించింది.

లేచి, వలసంచిలోంచి ఒక బంతి తీశాడు. పెద్దులు చేయి పట్టుకుని లేపి, గోల్ ముందుకు నడిపించుకుపోయాడు. గోల్‌కు వీపు పెట్టి నిలబెట్టాడు. పది అడుగులు వెనక్కి వచ్చి, మెల్లగా, చిన్న పాసు ఇచ్చాడు.

"తిరుగు," అన్నాడు.

"పిచ్చి లేసిందా నీకు," అన్నాడు పెద్దులు. కానీ తిరిగాడు. కర్రను ఊతం చేసుకుని, చెడిన మోకాలు మీద భారం పడకుండా, ఒక్కో అడుగే మార్చుకుంటూ తిరిగాడు. తిరిగి, గోల్ వైపు చూసి, కుడి కాలితో తోశాడు. బంతి గడ్డి లేని నేల మీద తడబడుతూ పోయి, గీత దాటి ఆగింది.

ఎవరూ అరవలేదు. జగన్మోహన్ వెళ్లి అతని నడుము పట్టుకున్నాడు. ఎత్తే బలం లేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పెద్దులు కొట్టిన బంతిని తేవడానికి తనే గోల్ లోపలికి నడిచాడు.